ఆకాశం ఇచ్చేదెంత, ఎండ అడిగేదెంత

లండన్ నగరంలో ఏడాదికి సగటున 600 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. మదనపల్లెలో 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురుస్తుంది. కుప్పం వైపు ఇంకాస్త ఎక్కువే. అయినా లండన్ చుట్టుపక్కల పచ్చికకు కొదవ ఉండదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల మాత్రం మాఘమాసం దాటేసరికి గుట్టల మీద గడ్డి మాడిపోతుంది. కుంటల అడుగు నెర్రెలిచ్చుకుంటుంది. బోరు వేస్తే నీళ్ళకు బదులు రాతిపొడి లేస్తుంది. ఎక్కువ వాన పడే చోటు ఎండిపోవడమేమిటి, తక్కువ వాన పడే చోటు తడిగా ఉండడమేమిటి?

ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకుంటే పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల బతుకు చాలావరకు అర్థమవుతుంది. ఆ నేలను మనం ఎక్కడ అపార్థం చేసుకున్నామో కూడా తెలుస్తుంది.

ఆవిరి చెప్పే నిజం

వాన ఎంత పడిందన్నది లెక్కలో సగమే. పడిన నీటిని సూర్యుడూ గాలీ ఎంత లాగేసుకుంటాయన్నది మిగతా సగం. నేల నిండా తడి ఉండి, పైన పచ్చటి పైరు ఉంటే, ఆ చోటి ఎండ, గాలి, వేడి కలిసి ఏడాదిలో ఎంత నీటిని ఆవిరి చేయగలవో శాస్త్రవేత్తలు అంచనా కడతారు. అమెరికాలో థార్న్‌త్‌వెయిట్, ఇంగ్లండులో పెన్‌మన్ ఇద్దరూ 1948లోనే ఈ అంచనాకు వేర్వేరు పద్ధతులు చూపించారు. దీన్ని ఆవిరి గిరాకీ అనుకుందాం.

లండన్ ఆకాశం ఎక్కువ రోజులు మబ్బుపట్టి, చల్లగా ఉంటుంది. అక్కడి ఆవిరి గిరాకీ కురిసే వానకు దగ్గర దగ్గరగా సరిపోతుంది. మన పడమటి మండలాల్లో ఎండ తీవ్రం, గాలి పొడి. ఇక్కడి ఆవిరి గిరాకీ ఏడాదికి 1500 నుంచి 1800 మిల్లీమీటర్లు. నిండిన చెరువు మీద నుంచి ఏడాదిలో దాదాపు నిలువెత్తు నీరు ఎండకే ఎగిరిపోతుందన్నమాట. నెలకు ఏడు వేల ఆదాయం ఉన్న ఇంట్లో ఖర్చు పదహారు వేలైతే ఎట్లా ఉంటుందో ఈ నేల పరిస్థితి అట్లా ఉంది. ఆదాయం మరీ చిన్నదేమీ కాదు. ఖర్చే పెద్దది.

ఐక్యరాజ్యసమితి ఎడారీకరణ నిరోధక ఒప్పందం ఈ రెండు అంకెల నిష్పత్తితోనే భూగోళాన్ని విభజించింది. వానను ఆవిరి గిరాకీతో భాగించాలి. వచ్చిన అంకె 0.65 కంటే తక్కువైతే అది ఎండు నేలల కోవలోకి వస్తుంది. 0.50 నుంచి 0.20 దాకా అర్ధశుష్క మండలం, 0.20 నుంచి 0.05 దాకా శుష్క మండలం, ఇంకా దిగువన ఉంటే సహారా నడిబొడ్డు వంటి అతిశుష్క మండలం. 750 మిల్లీమీటర్ల వాననూ 1650 మిల్లీమీటర్ల ఆవిరి గిరాకీనీ తీసుకుని ఉజ్జాయింపుగా లెక్కిస్తే 0.45 వస్తుంది. మన మూడు ఊళ్ళూ అర్ధశుష్క మండలంలో ఉన్నాయి. ఇవి ఎడారులూ కావు, తడి నేలలూ కావు.

ఇందులో గుర్తుపెట్టుకోవలసిన మాట ఒకటుంది. ఎండుదనం అంటే నీళ్ళు లేకపోవడం కాదు. వచ్చేదానికీ అడిగేదానికీ మధ్య కుదరని పొత్తు. ఈ వ్యాసం మొత్తం ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

కరువు చుట్టం, ఎండుదనం ఇంటిమనిషి

మన మాటల్లో ఎండుదనాన్నీ కరువునూ కలిపేస్తాం. శాస్త్రం వీటిని విడదీస్తుంది. ఎండుదనం ఒక చోటి శాశ్వత స్వభావం. దశాబ్దాల సగటులో తెలుస్తుంది. కరువు అట్లా కాదు, వచ్చి పోయేది. ఆ చోటి మామూలు వానతో పోల్చి చూసుకునే లోటు అది. భారత వాతావరణ శాఖ లెక్క ప్రకారం ఒక ప్రాంతంలో సీజను వాన మామూలు కంటే 26 నుంచి 50 శాతం తగ్గితే ఓ మోస్తరు కరువు, సగానికి మించి తగ్గితే తీవ్రమైన కరువు. చిరపుంజిలో కూడా కరువు రావచ్చు. కరువు లేని ఏడాది కూడా మదనపల్లె ఎండు నేలే.

1876లో ఋతుపవనాలు దెబ్బతిన్నాయి. 1877లో పసిఫిక్ మహాసముద్రం మీద బలమైన ఎల్‌నినో నడిచింది. దక్షిణాదిని ఊడ్చేసిన ధాత కరువు కథ అక్కడ మొదలైంది. అప్పటికి మదనపల్లె కడప జిల్లాలో భాగం. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. లక్షలాది ప్రాణాలు పోయిన ఆ రెండు మూడేళ్ళలో వానలోటు ఒక కారణమే. ధాన్యం ఓడలెక్కి దేశం దాటుతూనే ఉంది. సహాయ శిబిరాల్లో కూలి పిడికెడు. వానలోటును ఆకలిచావుగా మార్చింది పాలన. ఆ అనుభవం తరువాతే 1880లో కరువు కమిషన్ నివేదిక, దాని వెంట కరువు నియమావళి వచ్చాయి.

ఎండుదనం, కరువు, క్షామం మూడు వేర్వేరు సంగతులు. మొదటిది నేల స్వభావం, రెండోది వాతావరణం చేసే పని, మూడోది మనుషులు చేసే పని. ఈ తేడా పోతే బాధ్యత కూడా గాలికి పోతుంది.

రాయి, మన్ను, పదును

ఈ మూడు ఊళ్ళూ మైసూరు పీఠభూమి తూర్పు అంచున, సముద్రమట్టానికి ఉజ్జాయింపుగా ఏడు వందల మీటర్ల ఎత్తులో ఉన్నాయి. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే బరువు దించుకుని వస్తాయి. ఈశాన్య ఋతుపవనాలకు తూర్పు తీరం దగ్గరే, కానీ మధ్యలో తూర్పు కనుమల గుట్టలున్నాయి. కాబట్టి రెండు ఋతుపవనాల నుంచీ ఎంతో కొంత అందుతుంది, దేని నుంచీ నిండుగా అందదు. వానలో పెద్దపాలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పడుతుంది. తొలకరికి వేసిన పైరు ఆ వానల దాకా ఓపిక పట్టాలి.

పడిన వాన నిలవడానికి అడుగున చోటు కావాలి. ఇక్కడ అడుగున ఉన్నది 250 కోట్ల ఏళ్ళు పైబడిన నీస్ రాయి, గ్రానైటు. కోస్తా డెల్టాలో మాదిరి ఇసుక పొరల్లో నీరు నిల్వ ఉండే వీలు లేదు. పైన శిథిలమైన రాతిపొర ఒకటుంది, దాని కింద అక్కడక్కడా పగుళ్ళున్నాయి. నీరు ఉంటే ఆ రెండు చోట్లే. కురిసిన వానలో పదో వంతుకు అటూ ఇటూ మాత్రమే అక్కడికి దిగుతుంది. పైనున్న ఎర్రమన్ను పలుచన. వాన పడితే తొందరగా తడుస్తుంది, ఎండ కాస్తే అంతకంటే తొందరగా ఆరుతుంది.

అందుకే ఇక్కడి రైతు వానను మిల్లీమీటర్లలో కొలవడు. పదునైందా లేదా అని చూస్తాడు. విత్తనం మొలకెత్తి వేరు నిలదొక్కుకునేంత తేమ మట్టిలోకి దిగితే పదునైనట్టు. చిటపటలాడి పోయిన వాన రికార్డులోకి ఎక్కుతుంది గానీ పదునులోకి రాదు. నేల తేమను కొలిచే నేటి పరికరాలు చూసేదీ దాన్నే.

లెక్క తెలిసిన ప్రాణులు

ఎండు నేలలో పుట్టి పెరిగిన జీవం ఈ జమాఖర్చును ఒంట్లోనే రాసుకుంది. రాగిని చూడండి. మొక్క ఆహారం తయారు చేసుకోవాలంటే ఆకు రంధ్రాలు తెరిచి కార్బన్ డై ఆక్సైడును లోపలికి తీసుకోవాలి. తెరిచినప్పుడల్లా లోపలి నీరు బయటికి పోతుంది. వరికి ఈ నష్టం ఎక్కువ. రాగి మొక్క సి-4 రకానిది. కార్బన్ డై ఆక్సైడును ఒకచోట పోగుచేసుకునే ఏర్పాటు దాని ఆకులో ఉంది. అందువల్ల రంధ్రాలు తక్కువగా తెరిచినా పని జరుగుతుంది. ఈ విధానాన్ని 1966లో హ్యాచ్, స్లాక్ అనే శాస్త్రవేత్తలు వివరించారు. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే ఈ సీమ జనం రాగిసంగటిని రోజువారీ కూడు చేసుకున్నారు. ఉలవ, అనుము, కంది, చింత సి-4 రకానివి కాకపోయినా, అవి కూడా ఎండకు తట్టుకునేవే.

పుంగనూరు ఆవు మరో ఉదాహరణ. ప్రపంచంలో మూపురం ఉన్న పశువుల్లో అతి పొట్టి జాతుల్లో ఇదొకటి. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. బరువు ఎక్కువ భాగం పశువులకు 115 నుంచి 200 కిలోల మధ్య. దాని పొట్టితనం ఈ రోజుల్లో ఫొటోలకు ముచ్చటగా కనిపిస్తోంది కానీ, అది ఎండు నేల నేర్పిన పొదుపు. ప్రాణి బరువుకూ దానికి కావలసిన శక్తికీ ఉన్న సంబంధాన్ని మాక్స్ క్లైబర్ 1932లో లెక్కగట్టాడు. దాని ప్రకారం 450 కిలోల సంకరజాతి ఆవును ఊరికే బతికించడానికి కావలసిన మేతలో, 150 కిలోల పుంగనూరు ఆవుకు సగం కూడా అక్కర్లేదు. గుట్టల మీద దొరికే ఎండు గడ్డితో అది నెగ్గుకొస్తుంది. ఇచ్చే పాలు తక్కువే అయినా వాటిలో వెన్న 8 శాతం దాకా ఉంటుందని చెబుతారు. మామూలు ఆవుపాలలో ఉండేది మూడు నాలుగు శాతమే. పలమనేరు పశు పరిశోధన కేంద్రం ఈ జాతిని కాపాడుతూ వస్తోంది. ఎక్కువ పాల మోజులో సంకరజాతులు వచ్చి పడ్డ దశాబ్దాల్లో ఈ ఆవు దాదాపు కనుమరుగైంది. మేత, నీళ్ళు ఎక్కువ అడిగే పశువును తెచ్చి తక్కువ అడిగేదాన్ని వదులుకున్నాం.

మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో మొదలైన ఋషివ్యాలీ పాఠశాల చుట్టూ ఒకప్పుడు బోడి గుట్టలుండేవి. అక్కడ మేతను అదుపు చేసి, చెట్లు నాటి, వాననీటిని నిలిపి పచ్చదనం తిరిగి తెచ్చారు. 1991లో ఆ లోయను పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించుకున్నారు. ఋషివ్యాలీలోనూ హార్సిలీ కొండల మీదా పసుపుగొంతు పికిలిపిట్ట కనిపిస్తుంది. దక్షిణ భారతంలోని పొడి రాతిగుట్టలు తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఈ పిట్టకు ఇల్లు లేదు. ఎండు నేలంటే ఏమీ లేని నేల అనుకునేవాళ్ళు ఈ పిట్టను ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఆ పొడి గుట్టలు పోతే దానికి వెళ్ళడానికి మరో చోటు లేదు.

మనుషులు కట్టిన చెరువులు కూడా ఈ లెక్క ఎరిగినవే. పై చెరువు మొరవ పారితే ఆ నీరు కింది చెరువుకు చేరేట్టు గొలుసుకట్టుగా కట్టారు. ఎండకు ఎగిరిపోయే నీటిని ఎవరూ ఆపలేరు. అందుకే నీరు నిలిచిన నాలుగు నెలల్లో వీలైనంత భూమిలోకి ఇంకి కట్ట కింది కపిలబావుల్లో ఊరేది. బావి నీటి మీద ఎండ పడదు. పాలారు వంటి ఇసుక ఏర్లలో పైన నీరు కనబడకపోయినా అడుగున ఊట ఉండేది. దాన్ని ఊటకాలువలు తవ్వి పొలాలకు మళ్ళించారు. కర్ణాటకలో పుట్టి, కుప్పం ప్రాంతం గుండా 33 కిలోమీటర్లు నడిచి తమిళనాడుకు పోయే ఆ ఏటికి పైకి కనబడేది ఇసుక, లోపల ఉండేది నీరు.

పొడిగాలే మందైన రోజులు

ఎండుదనం అన్నివేళలా నష్టమేనని అనుకోనవసరం లేదు. క్షయకు మందు లేని రోజుల్లో రోగికి వైద్యులు ఇవ్వగలిగింది విశ్రాంతి, మంచి తిండి, పొడిగాలి. మదనపల్లె ఎత్తూ పొడి వాతావరణమూ చూసి, మిషనరీ సంఘాలు కలిసి ఊరి బయట క్షయ ఆసుపత్రి కట్టాయి. 1915లో అది తెరుచుకుంది. డెన్మార్క్ దేశస్థుడు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమొట్ మోలర్ దాన్ని నడిపాడు. ఆ చోటుకు ఆరోగ్యవరం అన్న పేరు స్థిరపడింది.

పొడిగాలి క్షయ క్రిములను చంపుతుందన్న నాటి నమ్మకాన్ని సైన్సు పూర్తిగా బలపరచలేదు. కానీ ఆ నమ్మకంతో కట్టిన భవనాలు మేలు చేశాయి. క్షయ గాలి ద్వారా పాకుతుంది. కిటికీలు తెరిచి ఉండి, గాలి ఆడి, ఎండ పడే వార్డుల్లో క్రిములు పలుచబడతాయి, సూర్యుడి అతినీలలోహిత కిరణాలకు చస్తాయి. తరువాత స్ట్రెప్టోమైసిన్ వంటి మందులొచ్చి క్షయ వైద్యాన్ని మార్చేశాయి. అయినా మదనపల్లె పేరు వైద్యచరిత్రలో మరోసారి ఎక్కింది. భారతదేశంలో బీసీజీ టీకా కార్యక్రమం 1948 ఆగస్టులో మొదలైంది ఇక్కడే. ఈ రోజు దేశంలో పుట్టిన బిడ్డకు వేసే తొలి టీకాల్లో ఒకదాని కథ ఈ పొడి పట్టణం నుంచి నడిచింది.

లెక్క తప్పిన చోటు

మదనపల్లె టమాటా మార్కెట్టు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటి. పగలు ఎండ, రాత్రి చల్లదనం, పొడిగాలి ఈ పంటకు నచ్చుతాయి. తేమ తక్కువ కాబట్టి బూజు తెగుళ్ళూ తక్కువ. అయితే టమాటా పండులో 94 శాతం నీరే. ప్రపంచ సగటు చూస్తే కిలో టమాటా పండడానికి వానతో, తడితో కలిపి దాదాపు 170 లీటర్ల నీళ్ళు ఖర్చవుతాయి. లారీలకెక్కి ఊరు దాటేది పండు ఒక్కటే కాదు, మనకు తక్కువగా ఉన్న నీళ్ళు కూడా. రైతును తప్పుపట్టేందుకు ఈ మాట చెప్పడం లేదు. రాగికి, చెనక్కాయకు గిట్టుబాటు లేనప్పుడు అప్పు తీర్చే పంటవైపు చూడడం సహజం. నీటి ఖరీదు ఏ ధరలోనూ లేకపోవడం అసలు చిక్కు.

ఆ ఖరీదు బోర్లలో కనిపిస్తోంది. చెరువు ఊరందరిది, బోరు ఒక్కరిది. ఒకరు ఐదు వందల అడుగులకు వెళితే పక్కవారు ఏడు వందలకు దిగుతారు. వెయ్యి అడుగులు దాటిన బోర్లు పడమటి మండలాల్లో వింత కాదు. అంత లోతున ఉండే పగుళ్ళు సన్నవి. వాటిలోకి నీరు చేరడానికి ఏళ్ళు పడుతుంది. అక్కడి నీళ్ళు తోడడం మూలధనాన్ని తినడమే.

కుప్పంలో 1990ల్లో ఇజ్రాయెల్ సాంకేతికతతో బిందుసేద్యం ప్రయోగం జరిగింది. రాష్ట్రంలో డ్రిప్పు అన్న మాట అప్పటి నుంచే గట్టిగా వినిపించింది. చుక్కచుక్కగా వేరు మొదట్లోకి నీరందించే ఈ పద్ధతి ఎకరానికి వాడే నీటిని తగ్గిస్తుంది. అయితే ప్రపంచం నలుమూలలా కనిపించిన చిక్కును 2018లో క్వెంటిన్ గ్రాఫ్టన్, ఆయన సహచరులు సైన్స్ పత్రికలో వివరించారు. మిగిలిన నీటితో రైతు ఇంకో ఎకరం తడుపుతాడు. పొలంలో పొదుపైనా భూగర్భంలో పొదుపు కాదు. ఊరంతటికీ కలిపి హద్దు పెట్టుకోకపోతే మంచి పరికరం కూడా నీటిని కాపాడలేదు.

ఇప్పుడు కృష్ణా నీరు కూడా వచ్చింది. శ్రీశైలం జలాశయం నుంచి మాల్యాల దగ్గర ఎత్తిపోసిన నీరు హంద్రీ నీవా కాలువల గుండా వందల కిలోమీటర్లు ప్రయాణించి, మెట్టు మెట్టుగా పీఠభూమి ఎక్కి, 2025 ఆగస్టులో కుప్పం బ్రాంచి కాలువకు చేరింది. తరాల పాటు ఎదురుచూసిన జనానికి ఇది నిజమైన ఊరట. తాగునీటికి, చెరువులకు ఇది దక్కాల్సిందే. కానీ ఆ నీరు ఇక్కడి ఆవిరి గిరాకీని ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గించదు. కాలువ వచ్చిందని వరికి, చెరకుకు మళ్ళితే ఆదాయం పెరిగిన ఇంట్లో ఖర్చు దాన్ని మించి పెరిగినట్టవుతుంది.

మనసు ఎండినప్పుడు

తెలుగులో శుష్క అన్న మాట భూగోళ పాఠంలోనూ ఉంది, మనిషిని గురించిన మాటల్లోనూ ఉంది. శుష్క మండలం అంటాం, శుష్క వాగ్దానం అంటాం, శుష్క వేదాంతం అంటాం. పాత ఇరానీ భాష అవెస్తాలోని హుష్క, పారశీకంలోని ఖుష్క్ దీని తోబుట్టువులు. తెలంగాణ పహాణీల్లో మెట్టభూమిని ఖుష్కీ అని రాసింది ఆ ఇంటి మాటతోనే. నేల ఎండడానికీ మనసు ఎండడానికీ మనుషులు ఒకే మాట వాడుకోవడం వెనుక లోతైన అనుభవం ఉంది.

స్పెయిన్‌లో ఆవిలా నగరం కూడా మదనపల్లె కంటే ఎత్తైన ఒక పొడి పీఠభూమి మీదిది. పదహారో శతాబ్దంలో అక్కడి సన్యాసిని తెరేసా తన ఆత్మకథలో ప్రార్థనను తోటకు నీళ్ళు పెట్టడంతో పోల్చింది. బావి నుంచి చేదతో తోడడం మొదటి మెట్టు. రాట్నంతో తోడడం రెండోది. కాలువ పారడం మూడోది. వాన కురవడం నాలుగోది. మొదటి మెట్టులో బావి ఒట్టిపోయిన రోజులు కూడా ఉంటాయని, ఆ రోజుల్లోనూ తోటమాలి తోటను విడిచి పోకూడదని ఆమె చెప్పింది. ఎండిన కాలం మనిషి పాపానికి శిక్షన్నట్టు ఆమె మాట్లాడలేదు. దాన్ని దారిలో వచ్చే ఒక మజిలీగా చూసింది. కపిల తోలిన మన సీమ రైతుకు ఈ పోలిక ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

ఈ కాలం మనస్తత్వ శాస్త్రం అదే సంగతిని వేరే దారిలో పట్టుకుంది. తమిళనాడులో విలుప్పురం, తిరువణ్ణామలై జిల్లాల చెరకు రైతులు 464 మందిని పరిశోధకులు రెండుసార్లు పరీక్షించారు. కోతకు ముందు చేతిలో డబ్బులేని రోజుల్లో ఒకసారి, కోత తరువాత డబ్బు అందాక మరోసారి. ఆలోచనాశక్తిని కొలిచే పరీక్షల్లో కోతకు ముందు వాళ్ళు వెనకబడ్డారు, కోత తరువాత మెరుగ్గా చేశారు. 2013లో సైన్స్ పత్రికలో అచ్చైన ఈ అధ్యయనం చెప్పేదేమిటంటే, రైతు మారలేదు, తెలివి మారలేదు. వాయిదాలు, వడ్డీలు, వాన, ధర గురించిన చింత మనసులోని చోటునంతా ఆక్రమించింది. మనసు ఇవ్వగలిగినదాని కంటే బతుకు అడిగేది ఎక్కువైంది.

2017లో టామా కార్ల్‌టన్ భారతదేశపు దశాబ్దాల లెక్కలు తీసి మరో భయంకరమైన సంబంధం చూపించింది. పంటకాలంలో ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటాక, ఒక్కరోజు ఒక్క డిగ్రీ పెరిగినా దేశం మొత్తమ్మీద సగటున దాదాపు 70 ఆత్మహత్యలు పెరుగుతున్నాయని ఆమె లెక్క. పంటలు లేని కాలంలో అంతే వేడి పెరిగినా ఆ పెరుగుదల కనిపించలేదు. అంటే ఆ వేడి పైరు మీదుగా, అప్పు మీదుగా మనిషిని చేరుతోంది.

నేల గురించి నేర్చుకున్న మాట ఇక్కడ కూడా పనికొస్తుందని నా నమ్మకం. ఎండిపోయిన మనిషిని చూసి ధైర్యం లేదనో, భక్తి లేదనో, బద్ధకమనో తీర్పు చెప్పడం లండన్‌ను చూపించి మదనపల్లెను తిట్టడం లాంటిది. అడగవలసిన ప్రశ్న అతనిలో ఏం లేదని కాదు. అతని మీద ఎంత బరువు పడుతోంది, దాన్ని ఎట్లా తగ్గించగలం అని. అప్పు వాయిదా మార్చడం, పంట బీమా సకాలంలో చేతికందడం, పక్కింటివాళ్ళు వచ్చి కూర్చుని మాట్లాడడం, ఇవన్నీ ఆ బరువు తగ్గించే పనులే. మనసు తట్టుకోలేనంత భారమైనప్పుడు కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు పగలూ రాత్రీ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

పెరుగుతున్న గిరాకీ

గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల నీటి ఆవిరి దాదాపు 7 శాతం పెరుగుతుంది. భౌతికశాస్త్రంలో ఇది తిరుగులేని నియమం. అంటే వాన ఏమాత్రం తగ్గకపోయినా, కేవలం వేడి పెరిగినందువల్లే నేల మరింత ఎండుతుంది. ఐక్యరాజ్యసమితి 2024 డిసెంబరులో విడుదల చేసిన నివేదిక ప్రకారం, 2020తో ముగిసిన మూడు దశాబ్దాల్లో భూగోళం మీది నేలలో 77.6 శాతం అంతకు ముందు ముప్పై ఏళ్ళ కంటే పొడిబారింది. అంటార్కిటికాను మినహాయిస్తే నేలలో 40.6 శాతం ఇప్పుడు ఎండు నేలల కోవలోనే ఉంది. 230 కోట్ల మంది అక్కడ బతుకుతున్నారు. కరువు వచ్చి పోతుంది. ఎండుదనం ఒకసారి పెరిగితే మన జీవితకాలంలో తగ్గదు.

ఆవిరిని ఎక్కువ పట్టుకున్న గాలి కురిసినప్పుడు కుంభవృష్టిగా కురుస్తుంది. 2021 నవంబరులో ఈ సీమ దాన్ని కళ్ళారా చూసింది. మదనపల్లె వైపు నుంచి పారే బాహుదా, పింఛా కలిసి చెయ్యేరు అవుతాయి. ఆ నెల 19న చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయం కట్ట తెగి, రాజంపేట దగ్గర పల్లెలు కొట్టుకుపోయాయి. ఎండు నేలకు వరద రాదన్న ధీమా ఇక పనికిరాదు. వంకలు కబ్జా చేసి, మొరవలు పూడ్చి కట్టుకున్న ఊళ్ళకు అది హెచ్చరిక.

ఊరి పద్దు

చేయవలసింది ఏమిటో మనకు తెలియక కాదు. చేసి చూపించిన అనుభవం ఇక్కడే ఉంది. 2000ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, చిత్తూరుతో సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను కొలుచుకునే పథకం నడిచింది. పల్లెల్లోనే వానమాపకాలు పెట్టారు. బావుల్లో, బోర్లలో నీటిమట్టం రైతులే తీసి గోడల మీద రాశారు. వానాకాలం ముగిశాక అందరూ కూర్చుని, ఇంకింది ఎంత, మిగిలింది ఎంత, రబీలో ఏ పంటకు ఎంత కావాలి అని లెక్క కట్టారు. ఎవరినీ ఎవరూ నిర్బంధించలేదు. పద్దు కళ్ళ ముందు కనబడేసరికి చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటల వైపు తిరిగారు.

ఈ పని ప్రతి పంచాయతీలోనూ మళ్ళీ మొదలుకావాలి. బళ్ళో పిల్లలు వానమాపకం చదవగలరు. డిగ్రీ చదివిన కుర్రాళ్ళు నీటిమట్టం నమోదు చేయగలరు. దసరా, దీపావళి మధ్య ఒకరోజు ఊరంతా కూర్చుని ఆ ఏటి నీటిపద్దు చదువుకోవచ్చు. ప్రభుత్వం చేయవలసింది రాగికి, ఉలవకు, కందికి గిట్టుబాటు ధర ఇచ్చి కొనడం, ఆ ధాన్యాన్ని బడి భోజనంలో, హాస్టళ్ళలో వండించడం, చెరువుల వంకలను కాపాడడం. కృష్ణా నీటితో చెరువులు నింపే ప్రతిచోటా ఆ నీటికి పద్దు రాయించడం కూడా.

మన పడమటి మండలాలు చెడిపోయిన తడి నేలలు కావు. అవి తమదైన లెక్క ఉన్న మంచి ఎండు నేలలు. ఆ లెక్కను గౌరవించినన్నాళ్ళు రాగిసంగటి పెట్టి, పొట్టి ఆవును సాకి, రోగులకు ఊపిరిపోసి నిలబడ్డాయి. ఈ ఏడు వాన ఎంత పడిందని ఎదురైనవాళ్ళను అడగడం మనకు అలవాటు. ఆ వెంటనే రెండో ప్రశ్న కూడా అడగడం అలవాటు చేసుకోండి: పడినదానిలో మనం ఎంత వాడుకుంటున్నాం, వచ్చే ఏటికి ఎంత మిగులుస్తున్నాం?